బిస్కెట్ల డబ్బాలో ఒక ఊరు: పాత ఫొటోలకు తేదీలు వెతికిన నా అనుభవం

1980 వేసవి చివర నుంచి రెండున్నరేళ్ళ పాటు నేను ఇంగ్లండులో వేల్స్ సరిహద్దుకు చేరువగా ఉన్న లడ్లో అనే చిన్న ఊళ్ళో, భర్త పోయిన ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకుని ఉన్నాను. అప్పటికి తెనాలి నుంచి వచ్చి ఏడాది కూడా కాని జూనియర్ డాక్టర్ని. ఆవిడ పోయి చాలా కాలమైంది. నేనూ ఉద్యోగ విరమణ చేసి స్థిమితపడ్డాక, మూడేళ్ళ క్రితం, ఆవిడ మేనకోడలు ఒక రేకు బిస్కెట్ల డబ్బా పంపి, ఇందులో ఉన్న ఊరు తనకు తెలియదని, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణేనని, వీటిని ఏం చేయాలో చెప్పమని ఉత్తరం రాసింది. డబ్బాలో అరవై నాలుగు బొమ్మలున్నాయి. వాటిలో ఇరవై రెండు దుకాణాల్లో అమ్మిన పోస్టుకార్డులు, తక్కినవి ఇంటివాళ్ళు తీసుకున్న ఫొటోలు. వెనక రాత ఉన్నవి తొమ్మిదే.

వాటిని ఆ ఊరున్న ష్రాప్‌షైర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌కు ఇవ్వడం మేలని నాకు తోచింది. అయితే ఏ వీధో, ఏ ఏడో తెలియని ఫొటోల కట్ట ఎవరికి ఇచ్చినా భారమే కనుక, ముందు వాటికి చిరునామాలు వెతకాలనుకున్నాను. ఒక చలికాలంలో తేలిపోతుందనుకున్న పనికి పద్నాలుగు నెలలు పట్టింది.

మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. గుర్తుపట్టిన ప్రతి ఫొటో వెనుకా బాల్ పెన్నుతో పేరు రాశాను. నాలుగో ఫొటోకి వచ్చేసరికి మొదటిదాని ముఖం మీద అక్షరాల ఒత్తు తేలి కనిపించింది. మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, ఒత్తకుండా వరుస సంఖ్య మాత్రమే వేసి, వివరాలన్నీ వేరే పుస్తకంలో రాసుకోవాలని ఆ తరువాత తెలిసింది. రబ్బరు బ్యాండ్లు తీసేశాను. నల్ల అట్టలకు అతికి ఉన్న ఆరు ఫొటోలను ఊడదీసే సాహసం చేయక, అట్టతోనే అంగుళానికి ఆరు వందల చుక్కల వివరంతో స్కాన్ చేశాను.

పోస్టుకార్డుల పని తేలికగానే సాగింది, ఎందుకంటే అక్కడ ఊరికంటే ముందు తపాలా శాఖ సాక్ష్యం చెబుతుంది. బ్రిటన్‌లో 1902 వరకు కార్డు వెనుక భాగమంతా చిరునామాకే. కబురు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలోనే ఇరికించాలి. వెనుక నిలువు గీత గీసి ఎడమవైపు కబురు, కుడివైపు చిరునామా రాసే ఏర్పాటు ఆ ఏడాదిలోనే వచ్చింది. కార్డుకు అర పెన్నీ ఉన్న తపాలా ఖర్చు 1918 జూన్‌లో పెన్నీ అయింది. బిళ్ళ మీద ఏ రాజు తల ఉందో, ఎంత వెలో చూస్తే చాలావరకు కాలం తేలిపోతుంది. అయితే అది కార్డును తపాలా డబ్బాలో వేసిన కాలమే గాని బొమ్మ తీసిన కాలం కాదు. ఒకే బొమ్మను పది, పదిహేనేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ అచ్చువేసి అమ్మేవారు.

ఆ కార్డుల్లో ఏడింటి మీద ఫ్రిత్ అనే ముద్ర ఉంది. ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1822లో చెస్టర్‌ఫీల్డ్‌లో పుట్టిన, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. కిరాణా వ్యాపారంలో సంపాదించి, 1850లలో ఈజిప్టు ఎడారుల్లోకి పెద్ద గాజు పలకల కెమెరాలు మోసుకెళ్ళి పేరు తెచ్చుకున్న మనిషి. తిరిగి వచ్చి, సర్రీలోని రైగేట్‌లో సంస్థ పెట్టి, బ్రిటన్‌లోని ప్రతి ఊరినీ ఫొటో తీయించాలని పూనుకున్నాడు. ఆయన 1898లో పోయాక కూడా ఆ పని 1970 వరకు సాగింది. ఏడు వేలకు పైగా ఊళ్ళు ఆ సేకరణలో ఉన్నాయి. బొమ్మ మూలన వేసిన సంఖ్యను బట్టి తీసిన కాలం ఇంచుమించుగా పట్టుకోవచ్చు. ఆ సంఖ్యలు నాకు పంచాంగంలా ఉపయోగపడ్డాయి. కార్డు బొమ్మలో ఉన్న దుకాణం బోర్డే నా దగ్గరున్న ఇంటి ఫొటోలోనూ కనిపిస్తే, రెండోదాని కాలం కూడా దొరికినట్టే.

అసలు చిక్కు ఇంటి ఫొటోలతో వచ్చింది. లడ్లో కొండమీది ఊరు. పడమటి అంచున కోట, నడుమ ఎటునుంచి చూసినా కనిపించే సెయింట్ లారెన్స్ చర్చి గోపురం, బటర్‌క్రాస్ అనే పద్దెనిమిదో శతాబ్దపు రాతి కట్టడం నుంచి దక్షిణంగా దిగే బ్రాడ్ స్ట్రీట్, దాని అడుగున మధ్యయుగాల నాటి ఊరి ప్రహరీ ద్వారాల్లో ఇప్పటికీ మిగిలి ఉన్న బ్రాడ్ గేట్, అది దాటాక టీమ్ నది మీద లడ్ఫర్డ్ వంతెన. ఇంత స్పష్టమైన ఊళ్ళో ఏ వీధైనా గుర్తుపడతానని నా ధీమా. వీధి పేరు గుర్తుకు రావడం ఒకటి, ఫొటోగ్రాఫరు నిలబడిన చోటు తేలడం మరొకటి. అందుకు నాకు మూడు ఆధారాలు దొరికాయి. మొదటిది నీడ: బ్రాడ్ స్ట్రీట్ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కనుక, ఎండ పడమటి వరుస ఇళ్ళ ముఖాల మీద ఉంటే అది ఉదయం. రెండోది కొండ: ఊరికి తూర్పున ఉన్న టిట్టర్‌స్టోన్ క్లీ శిఖరం 533 మీటర్ల ఎత్తున తెగిన అంచుతో కనిపిస్తుంది కనుక, వెనుక అది ఉంటే కెమెరా ఎటు తిరిగి ఉందో చెప్పవచ్చు. మూడోది బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే గీసిన పాత పటాలు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వాటిని ఉచితంగా చూపిస్తుంది. ఇంగ్లండ్ పటాలు కూడా అక్కడే ఉన్నాయి. మైలుకు ఇరవై ఐదు అంగుళాల కొలతతో గీసిన ఆ పటాల్లో పెరటి గోడలు కూడా కనిపిస్తాయి. పాత పటం పక్కనే నేటి ఉపగ్రహ చిత్రం పెట్టుకుని వేలితో గోడ వెంట నడుస్తూ ఎన్నో సాయంత్రాలు గడిపాను.

కాలానికి వేరే గుర్తులున్నాయి. అక్కడ ఏ ఊరి ఫొటోలోనైనా మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవారి స్మారక స్తంభం ఉంటే అది చాలావరకు 1919లోనో ఆ తరువాతో తీసినది. ఇప్పుడు లోకమంతా ఎరిగిన ఎర్ర టెలిఫోను పెట్టె పల్లెలకూ పాకింది 1936 నుంచి. ఇంటి కప్పు మీద టీవీ ఏరియల్ ఉంటే 1949 డిసెంబరు 17 తరువాతదే, ఎందుకంటే మధ్య ఇంగ్లండుకు టీవీ ప్రసారాలు అందించిన సటన్ కోల్డ్‌ఫీల్డ్ కేంద్రం మొదలైంది ఆ రోజు. కార్ల నంబరు పలకలు 1904 నుంచి ఉన్నాయి; ఏడబ్ల్యూ, యూజే, యూఎక్స్ అనే అక్షరాలుంటే ఆ బండి ష్రాప్‌షైర్‌లో నమోదైనది. దుకాణదారుల పేర్లకు కెల్లీ డైరెక్టరీలు ఉన్నాయి. ఊరూరా ఎవరు ఏ వ్యాపారం చేస్తున్నారో వరుసగా అచ్చువేసిన ఆ లావుపాటి పుస్తకాల్లో పాతవాటిని లెస్టర్ విశ్వవిద్యాలయం చదువుకోవడానికి వీలుగా ఉంచింది.

ఇన్ని ఆధారాలున్నా ఒక ఫొటో నన్ను నాలుగు నెలలు తిప్పింది. ఇళ్ళ వరుస, వాలు వీధి, ఆగి ఉన్న కారు, దాని పక్కన కోటు వేసుకుని నిలబడిన ఇంటాయన, అంటే మా ఇంటావిడ భర్త. ఆయనెవరో నాకు తెలుసు, వీధే తెలియదు. ఆ ప్రతిని జేబులో పెట్టుకుని లడ్లోలో రెండుసార్లు, పక్కనున్న చిన్న ఊళ్ళలో మరికొన్నిసార్లు తిరిగాను. ఎక్కడా ఆ కిటికీల వరుస కుదరలేదు. ఒక రాత్రి నా భార్య టీ తెచ్చి, ఫొటో మీదికి వంగి చూసి, "ఏమండీ, ఈయన కోటు గుండీలు ఆడవాళ్ళ కోటులాగా ఉన్నాయేమిటి?" అంది. ఆవిడకు కుట్టుపని తెలుసు. మగవారి కోటుకు ఎడమ అంచు పైకి రావాలి, ఇందులో కుడి అంచు పైనుంది. అప్పుడు చూస్తే కారు స్టీరింగు కూడా ఎడమవైపే ఉంది. ఇంటాయన స్నానాలగదిలో కిటికీకి దుప్పటి కట్టి ఫొటోలు కడుక్కునేవాడని ఇంటావిడ నాతో చెప్పిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. నెగెటివును తిరగేసి పెట్టి ప్రింటు తీశాడన్న మాట. కంప్యూటరులో బొమ్మను అద్దంలోలా మార్చగానే బ్రాడ్ గేటు నుంచి వంతెన వైపు దిగే లోయర్ బ్రాడ్ స్ట్రీట్ కళ్ళముందు నిలబడింది. నేను రోజూ ఆసుపత్రి బస్సు కోసం దిగిన వీధి అది.

నా సొంత జ్ఞాపకాలతో అంతకంటే పెద్ద పేచీ వచ్చింది. కోట ముందున్న సంత మైదానంలో అప్పట్లో ఒక పెద్ద టౌన్ హాల్ ఉండేది. 1880లలో కట్టడం మొదలైన దాన్ని 1986లో కూల్చేశారు. చలికాలంలో ఉల్లిపాయల కోసం దాని కిందికి వెళ్ళేవాణ్ణి. దాన్ని ఊరి తక్కిన పాత కట్టడాల మాదిరిగా రాతి భవనంగా నా పుస్తకంలో రాసుకున్నాను. డబ్బాలో ఉన్న రంగు ఫొటోలో అది ఎర్ర ఇటుకలతో మెరుస్తూ కనిపించింది.

మిగిలింది మంచు ఫొటో. టౌన్ హాలు ముందు మోకాలి లోతు మంచులో నేను నిలబడి ఉన్నాను, తీసింది ఇంటావిడే. అది ఏ రోజుదో నాకు కచ్చితంగా తెలుసనుకున్నాను. 1982 జనవరి 10, ఆదివారం. ఆ రోజు అదే కౌంటీలోని న్యూపోర్ట్‌లో మైనస్ 26.1 డిగ్రీలు నమోదైంది; ఇంగ్లండులో అంతకంటే తక్కువ ఉష్ణోగ్రత ఇప్పటికీ నమోదు కాలేదు. రికార్డు రోజున ఫొటో దిగానని నలభై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చాను. వివరణ కూడా అలాగే రాసి పెట్టాను. కానీ ఒంటి మీది కోటు నన్ను అనుమానంలో పడేసింది. అది ఇంటాయన పాత కోటు, చేతులు పొట్టి. క్రిస్మస్ సెలవుల తరువాత వచ్చిన జీతంతో నేను కొత్త కోటు కొనుక్కున్నాను.

తెనాలిలో మా అక్కకు ఫోన్ చేశాను. నాన్నగారు వచ్చిన ఉత్తరాలన్నీ వంపు తిరిగిన ఇనుప తీగకు గుచ్చి వంటింటి గోడకు వేలాడదీసేవారు; ఆయన పోయాక అక్క ఆ తీగను అలాగే ట్రంకు పెట్టెలో దాచింది. రెండు వారాల తరువాత మేనల్లుడు నా నీలం ఎయిర్‌లెటర్లను వరసగా ఫొటోలు తీసి పంపాడు. ఒకదానిలో ఇలా ఉంది: నిన్న ఆదివారం ఇక్కడ నీళ్ళు కుండలోనే రాయైపోయాయి, ఇంటావిడ తన భర్త కోటు ఇచ్చి, బజారులో మంచులో నిలబెట్టి ఫొటో తీసింది, కడిగాక పంపుతాను. పైన తేదీ వేసిన చోట సరిగ్గా తీగ గుచ్చిన చిల్లు. ఆదివారం అన్న మాట నాకు సాయపడలేదు. తపాలా ముద్ర మాత్రం స్పష్టంగా ఉంది: 1981 డిసెంబరు 15. అంటే ఫొటో డిసెంబరు 13 నాటిది. ఆ రోజు అదే కౌంటీలోని షాబరీలో మైనస్ 25.2 డిగ్రీలు. నాలుగు వారాల ఎడంతో రెండు ఆదివారాలు, రెండు రికార్డులు. నా బుర్ర ఆ రెంటినీ కలిపి, పెద్ద అంకె ఉన్నదాన్ని ఉంచుకుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుపడ్డాను.

ఆర్కైవ్స్‌లో పని నేననుకున్నంత కష్టం కాలేదు. మేనకోడలు దానపత్రం మీద సంతకం చేసింది. ఇంటివాళ్ళు తీసిన ఫొటోల హక్కులు ఆవిడ ఇవ్వగలదు, కొన్న పోస్టుకార్డులవి ఇవ్వలేదు కనుక ఆ రెంటినీ విడదీయవలసి వచ్చింది. కార్డుల్లో పద్నాలుగు వారి దగ్గర ముందే ఉన్నాయని తిరిగి ఇచ్చేశారు. తెలియని ఐదు ఫొటోలకు తెలియదనే రాశాను. ఊహించి రాయడం కంటే అదే నయమని అక్కడి ఉద్యోగి కూడా ఒప్పుకుంది.

మంచు ఫొటో తేదీకి ఆధారమేమిటని అడిగినప్పుడు ఎయిర్‌లెటరు నకలు చూపించాను. దాన్ని కూడా ఫొటోతో పాటు ఉంచుతామని, ఇంగ్లీషు అనువాదం జతచేయమని అడిగింది. ఒకటే పేజీ కదా అని ఇంటికి వచ్చి కూర్చున్నాను. "తీర్థరూపులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అన్న మొదటి వరుస దగ్గరే గంటసేపు ఆగిపోయాను. చివరకు ఆ వరుసను ఇంగ్లీషు లిపిలో అలాగే ఉంచి, కింద అర్థం రాసి పంపాను. మరుసటి నెల వారి జాబితాలో ఆ కట్ట వివరాలు వచ్చాయి. ఊరు: లడ్లో. ఫొటోలు: నలభై రెండు. పోస్టుకార్డులు: ఎనిమిది. ఉత్తరం: ఒకటి. భాష: ఇంగ్లీషు, తెలుగు.