సెప్టిక్ ట్యాంకు మూత కోసం బండలు తవ్విన శనివారం

2024లో వరలక్ష్మీ వ్రతం మర్నాడు. ఇంకా తెల్లవారలేదు, అత్తమ్మ కేక వినిపించింది. "బిడ్డా, మోరీలకెల్లి నీళ్లు పైకొస్తున్నయే!" లేచి చూస్తే బాత్రూం జాలీలోంచి నల్లటి నీళ్లు బుడగలు కక్కుతూ ఉబుకుతున్నాయి. అప్పటికే గడప దాటి ముందుగదిలోకి చేరాయి. ఆ ముందుగదే మా కర్రీ పాయింట్.

హన్మకొండలో హంటర్ రోడ్డుకు లోతట్టు వైపు మా ఇల్లు. కింద అత్తమ్మా నేనూ, పైన కిరాయికి రెండు కుటుంబాలు. మా ఆయన రామగుండంలో డ్యూటీ, ఆదివారాలే వస్తారు. కంగారులో చీపురు పట్టాను. ఎంత ఊడ్చినా నీళ్లు తగ్గవే! కాసేపటికి గానీ తట్టలేదు, పైన వాళ్లు స్నానాలు చేస్తున్నారని. వాళ్లు పోసుకున్న ప్రతి చెంబూ పోయే దారి లేక, ఇంట్లో అన్నిటికంటే కిందున్న మా జాలీలోంచి వస్తోంది. పరుగున వెళ్లి పైన నల్లాలన్నీ బంద్ చేయించి, ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వు తిప్పేశాను. ఐదు నిమిషాల్లో ఆగింది. ఫ్రిజ్ ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీదే ఉందని అప్పుడు కనిపించింది. మెయిన్ ఆపకుండా ఆ నీళ్లలో అంతసేపు తిరిగానా అనుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా అడుగు తడిసింది. పైన పొడిగానే ఉన్నాయి కదా, ఆరబోద్దామంది అత్తమ్మ. నలుగురు తినే చోట ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు. బియ్యం, ఉల్లిగడ్డలు, కింది అరలోని పప్పులు, అన్నీ పారేశాను.

ప్లంబర్ వచ్చి స్ప్రింగు తోశాడు, లాభం లేదు. సంచిలోంచి యాసిడ్ సీసా తీశాడు. నేనేమో అంతకుముందే నేలంతా బ్లీచింగ్ పౌడర్ చల్లాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. వద్దన్నాను. "ట్యాంకే నిండినట్టుంది మేడం, మూత ఎక్కడుంది?" అని అడిగాడు.

ఎక్కడుందో మాకెవ్వరికీ తెలియదు. ఇల్లు కట్టించిన మామయ్య పోయి ఎనిమిదేళ్లయింది. అత్తమ్మ చాలాసేపు ఆలోచించి, "జామచెట్టు పక్కన్నే ఉండె" అంది. ఆ చెట్టు కొట్టేసి, ఆ జాగా అంతా షాబాద్ బండలు పరిచాం. గడ్డపార తిరగేసి ఒక్కో బండ మీద కొడుతూ పోయాను. టక్, టక్, టక్. గోడకు ఐదడుగుల దూరంలో ఒక్కచోట డొల్లగా మోగింది.

బండలు లేపడానికి పక్కింటాయన ఇద్దరిని పిలిపించాడు. వాళ్లు తాడు, బకెట్లు కూడా తెచ్చుకున్నారు. "ట్యాంకర్ బండి ఎందుకక్కా, మూడు వేలియ్యి, మేమే దిగి తోడేస్తం" అన్నాడు పెద్దాయన. అంటూనే చొక్కా విప్పి గోడ మీద వేశాడు. జేబులోంచి బీడీకట్ట, మడతపెట్టిన మందుల చీటీ జారిపడ్డాయి. నేను చీటీ తీసి ఇచ్చాను. పిల్లల డాక్టరుది.

"వద్దన్నా, దిగొద్దు" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది, కూలి పోతోందని. నా భయం వేరే. మూసిన ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి అక్కడే కుప్పకూలుతాడు, పైకి లాగబోయి దిగిన రెండో మనిషీ అంతే. పేపర్లో ఇద్దరు, ముగ్గురు ఒకేసారి పోయారని చదివేది ఇందుకే. రక్షణ లేకుండా మనిషిని ఇలా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయిన వారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై లక్షలిచ్చినా ఆ చీటీలోని పిల్లకు తండ్రి వస్తాడా? బండలు లేపి మూత తీసినందుకు వాళ్లకు పూర్తి కూలి ఇచ్చాను. మూత తీసే ముందు బీడీలు పక్కన పెట్టించాను, లోపల మీథేన్ కూడా ఉంటుంది. తెరిచాక గంటసేపు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

మా వీధి పారిశుద్ధ్య జవాన్ కార్పొరేషన్ అనుమతి ఉన్న సెప్టిక్ ట్యాంకర్ నంబరు ఇచ్చాడు. (14420 కూడా ఇలాంటి పనులకు పెట్టిన నంబరే.) ఎక్కడ పారబోస్తారని డ్రైవర్‌ను అడిగాను. అమ్మవారిపేటలో శుద్ధి ప్లాంటు ఉంది, అక్కడికే అన్నాడు. చెరువులోనో వాగులోనో వదిలేసే బండి అయితే వెనక్కి పంపించేసేదాన్ని. రెండు ట్రిప్పులు పట్టింది. రెండు మూడేళ్లకోసారి తీయించాల్సిన ట్యాంకు మాది, పద్నాలుగేళ్లుగా తీయించలేదు.

ఇక బాధ తీరిందనుకున్నాం. సరిగ్గా రెండు వారాలకు, ఆగస్టు 31 రాత్రి వాన పట్టుకుంది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయిన వాన అది. తెల్లారేసరికి జాలీలోంచి మళ్లీ నీళ్లు. ఈసారి నల్లగా లేవు, మట్టిరంగులో ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

ఆ రంగే అసలు సంగతి పట్టించింది. వాన తగ్గాక వచ్చిన మేస్త్రీ, సన్నటి లెవెల్ పైపులో నీళ్లు నింపి ఒక కొస ట్యాంకు దగ్గర, ఇంకో కొస వీధి మోరీ దగ్గర పట్టించాడు. మా ట్యాంకు నుంచి బయటికెళ్లే పైపు మోరీ అడుగుకంటే నాలుగు వేళ్లు కిందికి ఉంది! ఇల్లు కట్టినప్పుడు పైనే ఉండేదట. తర్వాత సీసీ రోడ్డు మీద ఇంకో సీసీ రోడ్డు వేశారు, 2023 జులై వరదల తర్వాత మోరీ కూడా ఎత్తి కట్టారు. ఇళ్ల పైపుల సంగతి ఎవరూ చూడలేదు, మేమూ అడగలేదు. పైపు మూతి బురదలో పూడుకుపోయింది, వాన పడితే మోరీ నీళ్లే వెనక్కి తన్ని ట్యాంకులోకి వస్తున్నాయి.

పెరట్లో ఇంకుడు గుంత తవ్వి అందులోకి వదులుదామంటే బోరు మరీ దగ్గర. చివరికి ట్యాంకులో పైన అడుగున్నర ఖాళీ ఉండటం మాకు కలిసొచ్చింది. వచ్చే పైపు, పోయే పైపు రెండూ అరడుగు పైకి జరిపి, బాత్రూం నేల కూడా ఆ మేరకు లేపాడు. గేటు దగ్గర చిన్న ఛాంబర్ కట్టి నాన్ రిటర్న్ వాల్వు బిగించాడు. లోపలి నీళ్లను బయటికి వదులుతుంది, బయటివి లోపలికి రానివ్వదు. అత్తమ్మకు బాత్రూం మెట్టు ఎక్కువైంది కాబట్టి గోడకు స్టీలు రాడ్డు పెట్టించాం. అన్నీ కలిపి ముప్పై ఒక్క వేలు. బతుకమ్మ మొదలవకముందే పని అయిపోయింది.

2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చినప్పుడు వీధిలో నీళ్లు మా గేటు మెట్టు దాకా వచ్చాయి. టార్చి పట్టుకుని రాత్రంతా జాలీ దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నాను. చుక్క రాలేదు. అయితే మోరీ నిండితే వాల్వు మూసుకుంటుంది, మన నీళ్లూ బయటికి పోవు. అందుకని ఆ రాత్రి పైన వాళ్లకూ చెప్పి, స్నానాలు, బట్టలు ఉతకడం మానుకున్నాం.

ట్యాంకు మూత మీద ఇప్పుడు బండ ఉంది కానీ సిమెంటు లేదు, రెండు ఇనుప కొక్కేలు పెట్టించాను. కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు ఎర్ర పెయింటుతో రాశాను: మూత, జామచెట్టు ఉన్న చోట, గోడకు ఐదడుగులు. దాని కింద తీయించిన తేదీ, 17-8-2024.