హార్ట్, హెర్టర్: జర్మన్ నోట్‌బుక్, ఆరో వారం

రోజూ రాత్రి భోజనాలయ్యాక 20 నిమిషాలు. ఎదురుగా పాత జర్మన్ డ్రిల్లింగ్ మెషిన్ మాన్యువల్, రూళ్ల నోట్‌బుక్, పెన్సిల్. ఈ వారమంతా విశేషణాల పోలికలకే సరిపోయింది.

తెలుగులో 'ఇత్తడి కంటే ఉక్కు గట్టిది' అంటే సరిపోతుంది. పోలికంతా 'కంటే' చూసుకుంటుంది, 'గట్టి'లో ఏ మార్పూ ఉండదు. జర్మన్‌లో మాటే మారాలి. గట్టికి 'హార్ట్', ఇంకా గట్టికి 'హెర్టర్'. చివర 'అర్' చేరడమే కాదు, లోపలి 'ఆ' కూడా 'ఎ' అవుతుంది. మొదట్లో ఇంగ్లిష్ అలవాటు కొద్దీ పొడుగు మాటల ముందు 'మేర్' (ఇంగ్లిష్ 'మోర్' లాంటిది) పెట్టేవాణ్ణి. అది తప్పు. మాట ఎంత పొడుగైనా చివరే మారుతుంది: నమ్మదగినది 'ట్సూఫెర్లెసిష్', ఇంకా నమ్మదగినది 'ట్సూఫెర్లెసిగర్'. రాతలో అక్కడ మొదటి నుంచీ 'గ' ఉంది, మాట చివరన ఉన్నప్పుడు మాత్రం 'ష్' లాగా పలుకుతారు. ఇది తెలిశాక ఇలాంటి మాటలు ఒక్కరోజులో దారికొచ్చాయి.

అక్షరక్రమంలో రాసుకున్న జాబితా అసలు గుర్తుండలేదు. ఇప్పుడు పేజీలు విడగొట్టాను. అచ్చు మారేవి ఒక పేజీ: హార్ట్, లాంగ్, కుర్ట్స్, ష్టార్క్, వార్మ్, కాల్ట్. అన్నీ పొట్టి మాటలే. మధ్యలో 'ఎ' జారిపోయేవి ఇంకో పేజీ: 'ఫ్లెక్సీబెల్' కాస్తా 'ఫ్లెక్సీబ్లర్'. ఎత్తుకు 'హోఖ్' అంటారు, దానికి విడిగా ఒక గీత. 'హ్యోఅర్' అయ్యేసరికి 'ఖ్' మాయం. తుప్పు పట్టని ఉక్కును చెప్పే 'రోస్ట్‌ఫ్రై'కి సాధారణంగా పోలికే ఉండదు.

సాధనకు మోస్ స్కేల్ బాగా పనికొచ్చింది. ఫ్రీడ్రిష్ మోస్ 1812లో పది ఖనిజాలను గట్టిదనం ప్రకారం వరుసపెట్టాడు. టాల్క్ 1, వజ్రం 10. పక్కపక్కన ఉన్నవాటిని పోలిస్తే తొమ్మిది వాక్యాలు వస్తాయి. ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7 కాబట్టి 'క్వార్ట్స్ ఇస్ట్ హెర్టర్ ఆల్స్ ఫెల్ట్‌ష్పాట్'. వరుస ముందే తెలుసు కనుక బుర్ర వ్యాకరణం మీదే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది మాన్యువల్‌లోని ఈ వాక్యం: 'యే హెర్టర్ డేర్ వెర్క్‌ష్టోఫ్, డెస్టో నీడ్రిగర్ డీ డ్రేత్సాల్.' లోహం ఎంత గట్టిదైతే డ్రిల్ అంత నెమ్మదిగా తిరగాలి. ఆదివారం ఉక్కు పట్టీ మీద 10 మి.మీ. బిట్ పెట్టి వేగంగా తిప్పాను. పొగ వచ్చింది, బిట్ అంచు నీలంగా మారింది. కొత్త బిట్ పెట్టి, వేగం తగ్గించి, నూనె చుక్కలు వేస్తే లోహం పొడుగాటి చుట్టలుగా లేచి వచ్చింది. 'నీడ్రిగర్' అంటే ఇంకా తక్కువ, ఇక మర్చిపోను.

వచ్చే వారం నామవాచకం ముందు వచ్చే రూపాలు. 'ఐన్ హెర్టరర్ ష్టాల్'లో 'అర్' రెండుసార్లు వస్తుంది, అక్కడ నాలుక ఇంకా తడబడుతోంది.