రాత్రి మాత్ర

గుంటూరు మిర్చి యార్డులో దగ్గని మనిషి ఉండడు. కమీషన్ కొట్లో గుమస్తాగా పద్నాలుగేళ్లు పట్టీలు, అంటే రైతుల సరుకు లెక్కల చీటీలు, రాశాను కాబట్టి చెబుతున్నాను. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పుతుంటే ఆ ఘాటుకు కొత్తవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. అందుకే 2022 జనవరిలో మొదలైన దగ్గుని నేను పట్టించుకోలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు కాలేది. మార్చికి తొమ్మిది కిలోలు తగ్గాను. ప్యాంటుకి బెల్టు చాలక మా ఆవిడ మేకుతో కొత్త చిల్లు పొడిచింది. ఆ చిల్లు చూశాకే తెమడ పరీక్షకు వెళ్లాను.

టీబీ అన్నారు. టీబీ ఉన్నవాళ్లందరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. అది పాజిటివ్ వచ్చింది.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. మా ఆవిడకు నెగెటివ్ వచ్చింది, దేవుడి దయ. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు కంచం ముందు పెట్టి, "ముందు అన్నం తినండి. మాత్రల సంగతి తర్వాత చూద్దాం" అంది. అంతే.

ముందు టీబీ మందులు మొదలుపెట్టి, ఒళ్లు వాటికి అలవాటు పడ్డాక హెచ్‌ఐవీ మందులు ఇచ్చారు. మామూలుగా పాజిటివ్ వాళ్లకు రోజుకు ఒకటే మాత్ర, టీఎల్‌డీ అంటారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. నాకు మాత్రం రెండు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ని ఒంట్లో ఎక్కువసేపు నిలవనివ్వదు. అందుకని పొద్దున ఎనిమిదికి టీఎల్‌డీ, మళ్లీ పన్నెండు గంటలకు, అంటే రాత్రి ఎనిమిదికి, విడిగా ఇంకో డోలుటెగ్రావిర్ 50 వేసుకోవాలి. టీబీ మందులు అయిపోయాక కూడా ఈ రాత్రి మాత్ర రెండు వారాలు కొనసాగించాలి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలరమ్మ ఇది నాకు మూడుసార్లు చెప్పింది. "ఏది మర్చిపోయినా రాత్రిది మర్చిపోవద్దన్నా" అనేది.

జూన్‌కి దగ్గు పోయింది. జ్వరం లేదు. బెల్టు పాత చిల్లుకి తిరిగొచ్చింది. జూలైలో ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి, వేలానికి మళ్లీ కొట్లో కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే రాత్రి మాత్ర కరువైంది.

నెలకి ఇచ్చేవాళ్లు పది రోజులకి ఇచ్చారు. తర్వాత వారానికి. ఆగస్టు మొదట్లో ఒకరోజు కవర్లో నాలుగు పెట్టి, "స్టాకు వస్తే ఫోన్ చేస్తాం" అన్నారు. వెళ్లిన ప్రతిసారీ పొద్దున్నే లైన్లో నిలబడాలి, ఓపీ చీటీ రాయించాలి, మధ్యాహ్నానికి బయటపడాలి. కొట్లో ఏం చెప్పాలి? ఒకసారి అత్తగారికి బాగాలేదన్నాను, ఇంకోసారి బ్యాంకు పనన్నాను. కొత్తపేటలో మందుల షాపుల వెంట కూడా తిరిగాను. ఒక షాపులో కుర్రాడు చీటీ చదివి నా మొహం వైపు చూశాడు. తర్వాత షాపుకి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు.

సెంటర్లో వాళ్లని నేను తప్పు పట్టను. ఫార్మసిస్టు అల్మారా తలుపు తీసి ఖాళీ అర చూపించాడు. ఆ అరలో దుమ్ము మీద డబ్బాలు పెట్టిన గుండ్రటి ముద్రలు వరసగా ఉన్నాయి.

ఆ ముద్రలు ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి.

అదే సమయంలో ఢిల్లీలో న్యాకో, అంటే కేంద్ర ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, ఆఫీసు దగ్గర మాలాంటివాళ్లు మందుల కోసం 42 రోజులు ధర్నాకు కూర్చున్నారు. కొనుగోలు టెండరు ఆలస్యమైందని వాళ్లు చెప్పారు. దేశంలో సుమారు 95 శాతం మందికి సరిపడా మందులున్నాయని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఆ మాట అబద్ధమని నేననను. టీఎల్‌డీ నాకూ ఆగలేదు. కానీ మిగతా ఐదు శాతంలో ఉన్నవాడికి ఆ లెక్క రాత్రి ఎనిమిదింటికి ఏం పనికొస్తుంది?

2017లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఏఆర్‌టీ మందులు ప్రభుత్వాలు ఇవ్వాలని అందులో ఉంది. కానీ దాని పక్కనే "సాధ్యమైనంత వరకు" అనే అర్థం వచ్చే మాట కూడా ఉంది. కౌన్సెలరమ్మ చదివి చెబితే నాకు మా పట్టీలు గుర్తొచ్చాయి. రైతుకి ఇవ్వాల్సిన సొమ్ము దగ్గర "సాధ్యమైనంత వరకు" అని రాస్తే యార్డులో ఊరుకుంటారా?

డబ్బు అసలు లేదా అంటే, కాగితం మీద ఉంది. 2021 నుంచి 2026 వరకు జాతీయ ఎయిడ్స్ కార్యక్రమానికి కేంద్రం 15,471.94 కోట్లు కేటాయించింది. 2025 జనవరిలో అమెరికా తన సాయం ఆపినప్పుడు హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ల కోసం నడిచే మిత్ర్ క్లినిక్ మూతపడింది. మా మాత్రలు ఆగలేదు, ఎందుకంటే అవి మన సర్కారు సొమ్ముతో వచ్చేవి. ఇది చిన్న విషయం కాదు. అయితే కేటాయించిన సొమ్ము కొనుగోలై, లారీ ఎక్కి, ఆ అరలోకి వచ్చేదాకా నాకు అది మందు కాదు. నెల మందులు నెలకి ఇవ్వండి, ఒక మూడు నెలల స్టాకు ముందే పెట్టుకోండి. నేను అడిగేది ఇంతే.

నాలుగు మాత్రలు చేతిలో పెట్టిన రోజు బెంచీ మీద నా పక్కన ఒకావిడ కూర్చుంది. యాభై దాటి ఉంటుంది, అందరూ పిన్నీ అంటారు. ఆమెకు పాత మందులు పనిచేయడం మానేశాయని వేరే కోర్సు పెట్టారు, అందులో ఈ డోలుటెగ్రావిర్ విడి మాత్రే ఉంది. 2004 ఏప్రిల్లో ప్రభుత్వం ఉచితంగా మందులు మొదలుపెట్టక ముందు, వాళ్లాయన కోసం అరెకరం అమ్మిందట. మందులు ఏడాది వచ్చాయి, మనిషి దక్కలేదు.

నా కవరు వైపు చూసి, "ఎన్నిచ్చారయ్యా?" అంది.

"నాలుగు పిన్నీ."

సంచిలోంచి డబ్బా తీసి, మూతలో పోసి, వేలితో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టింది. ఆరు నా కవర్లో వేసింది. వద్దన్నాను. ఒకరి మందులు ఒకరు వాడకూడదని అక్కడ గోడ మీదే రాసి ఉంది. "నాకు పోయిన నెలవి మిగిలున్నాయిలే. టీబీ మందు మీద ఉన్నవాడివి, నువ్వు తప్పకూడదు" అంది. తీసుకున్నాను. ఆ పది మాత్రలతో పది రాత్రులు గడిచాయి. పదకొండో రోజు స్టాకు వచ్చిందని ఫోన్ వచ్చింది.

సెప్టెంబరులో టీబీ కోర్సు పూర్తయింది. నెలాఖరుకి రాత్రి మాత్ర కూడా ఆపేశారు. ఇంకో ఆరు నెలలకు చేసిన వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడలేదు.

అక్టోబరులో నా డబ్బాలో పది మాత్రలు మిగిలాయి. సెంటర్‌కి తీసుకెళ్లి, కౌన్సెలరమ్మ ముందే నాలుగు ఫార్మసిస్టుకి ఇచ్చి, ఆరు పిన్ని ముందు పెట్టాను. ఆమె డబ్బా మీద తేదీ చదివించుకుంది. మూతలో పోసి ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టి, తన డబ్బాలో వేసుకుని మూత బిగించింది.