పిస్టన్ మీద గీతలు

జనవరి మొదటి వారం, పొద్దున ఏడున్నర. కాఫీ గ్లాసు ఇంకా చేతికి రాలేదు, వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నీలం గుడ్డ మీద ఒక పిస్టన్, దాని నడుముకు ఒక పక్క పిల్లి రక్కినట్టు గీతలు. కింద మా మేనల్లుడి మెసేజి: "మామా, ఇంజను సీజ్ అయింది, పిస్టన్ పట్టేసింది. కొత్త పిస్టన్ ఆర్డర్ పెట్టేస్తాండా."

వెంటనే ఫోన్ కొట్టినా. "పెట్టొద్దు, ఆగు" అన్నాను. వాడుండేది మిన్నెసోటాలో. అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిది, బయట మైనస్ 25 డిగ్రీలు. తిరుపతి కొర్లగుంటలో మేము 17 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకొని వణికే జనం.

వాడి బండి స్నోమొబైల్. ముందర చక్రాల బదులు రెండు స్కీలు, వెనక యుద్ధ ట్యాంకుకు ఉన్నట్టు రబ్బరు పట్టా. డెబ్బైల నాటిది. ఊరి బయట ఎవరో ముసలాయన కొట్టంలో ఏండ్ల తరబడి దుమ్ము తింటా ఉంటే చవగ్గా తెచ్చుకున్నాడు. ఆ రాష్ట్రంలో ఈ బండ్లంటే పిచ్చి. పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ రెండూ అక్కడ పుట్టినవే. నేనైతే ఆ బండిని కంటితో చూసిందే లేదు. మూత ఎత్తి చూపించినాక మాత్రం ధైర్యం వచ్చింది. 340 సీసీ, రెండు సిలిండర్లు, ఒకటే కార్బొరేటర్, ఫ్యాన్ గాలితో చల్లారే టూ స్ట్రోక్. అంటే మా ఇంటి ముందర ఉండే నా యమహా ఆర్ఎక్స్ 100 బైకుకు దూరపు చుట్టమే. యమహా వాళ్ళు 1968లోనే మంచు బండ్లు అమ్మడం మొదలుపెట్టినారు, మనకు ఆర్ఎక్స్ 100 వచ్చింది 1985లో. ఆ లెక్కన ఆ చుట్టమే వయసులో పెద్ద.

నేను ఎస్వీ యూనివర్సిటీ వర్క్‌షాపులో లేతు ముందర ముప్పై ఏండ్లు నిలబడినోణ్ణి. అయినా పిస్టన్ గీతలు చదవడం నేర్చుకున్నది అక్కడ కాదు, భాకరాపేట ఘాట్‌లో.

2001లో పీలేరు నుంచి తిరుపతికి వస్తున్నా. నా బండి 1993 మోడల్. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేర్‌లోనే దింపినాను. ఫోర్ స్ట్రోక్‌కు అది మంచి పద్ధతే. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌ను తడిపే ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ మూస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గిపోతుంది, ఇంజను మాత్రం చక్రం వేగానికి తిరుగుతూనే ఉంటుంది. కింద రంగంపేట దగ్గరకొచ్చి లారీని దాటడానికి ఒక్కసారి యాక్సిలరేటర్ మెలిపెట్టినా. వెనక చక్రం బిగుసుకుపోయి, పాము మాదిరి మెలికలు తిరిగింది. ఎడమ చేతి రెండు వేళ్ళు క్లచ్ మీద ఉండబట్టి ఈ ముక్క రాస్తున్నా.

రేణిగుంట రోడ్డులో లేతు మీద సిలిండర్‌కు బోరు కొట్టించి, అంటే లోపలి గోడ కొంచెం కోయించి, 0.25 మిల్లీమీటర్లు పెద్దదైన ఓవర్‌సైజు పిస్టన్ వేసి, పని అయిపోయిందనుకున్నా. రెండు వందల కిలోమీటర్లు తిరక్కముందే మళ్ళీ పట్టేసింది. లేతు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చినా. తీరా చూస్తే తప్పు నాది. ఆయిల్ పంపు కేబుల్ సాగి, పంపు మీది గుర్తు దాని చోట లేదు. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పంపు సగమే తెరుచుకుంటోంది. ఘాట్ దిగింది ఒక సాకు మాత్రమే, అసలు దొంగ కేబుల్. అతనికి మళ్ళీ పోయి చెప్పుకున్నా. ఆయన నవ్వి, ఇంకో బోరుకు డబ్బులు తీసుకున్నాడు. సరే, అది న్యాయమే.

అందుకే "ఆగు" అన్నది.

"రెండో పిస్టన్ చూపించు" అన్నాను. అది అద్దం మాదిరి ఉంది. "ప్లగ్గులు?" చెడిన పక్కది సున్నం కొట్టినట్టు తెల్లగా, బాగున్న పక్కది చెక్క రంగులో ఉన్నాయి.

"చలికి గాలి చిక్కబడతాది మామా, జెట్టు చాలక పెట్రోలు తక్కువైంటాది" అన్నాడు వాడు. జెట్టంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న కన్నం. చలి మాట నాకు కొత్త. చల్లని గాలిలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుంది కాబట్టి అక్కడోళ్ళు చలిని బట్టి జెట్లు మారుస్తారంట. తిరుపతి 43 డిగ్రీల ఎండలో మనకు దీనికి తలకిందుల తిప్పలు. సంగతి నిజమే కానీ ఈ కేసుకు అతకదు.

"ఒరే, కార్బొరేటర్ ఒకటే గదా. జెట్టు చాలకపోతే రెండు సిలిండర్లూ మాడాల. ఆయిల్ నువ్వు పెట్రోలులోనే కలిపి పోస్తావు, అది తక్కువైనా రెండూ మాడాల. ఒకటే మాడిందంటే?"

కాసేపు పలకలేదు. "ఆ పక్కకు మాత్రమే గాలి పోతోందా?"

అదీ. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్‌లో ఒక్కో సిలిండర్ కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే అర వేరువేరుగా మూసి ఉంటుంది. మాడిన సిలిండర్ మాగ్నెటో పక్కది, అంటే ప్లగ్గులకు కరెంటు పుట్టే పక్క. ఆ చివర షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎండిపోతే అక్కడి నుంచి ఊరక గాలి పీల్చుకుంటుంది, మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కుతుంది, సైలెన్సర్ వైపు పిస్టన్ ఉబ్బి గోడను రాచుకుంటుంది. ఫొటోలో గీతలన్నీ ఆ వైపే ఉన్నాయి. ఏండ్ల తరబడి కదలకుండా ఉన్న బండిలో రబ్బరు గట్టిపడక ఏమవుతుంది?

కానీ ఫోన్‌లో కూర్చొని అనడం వేరు, చూపించడం వేరు. "ఊడబీకిందంతా పాత పిస్టన్‌తోనే మళ్ళీ బిగించు" అంటే వాడు తల పట్టుకున్నాడు. గాలి ఎక్కడ కారుతోందో తెలియాలంటే, పెట్రోలు లోపలికొచ్చే ఇన్‌టేక్‌కు, పొగ బయటికి పోయే ఎక్సాస్ట్‌కు రబ్బరు ముక్కలు పెట్టి రేకులు బిగించి మూసేయాల. లోపలికి కొంచెం గాలి కొట్టాల, ఐదారు పీఎస్ఐ చాలు. వాడి భార్య నర్సు. ఇంట్లో బీపీ చూసే మిషన్ ఉంది, చేత్తో నొక్కే బుడ్డతో. దాని ముల్లు 300 వరకు పోతుంది, అది ఐదున్నర పీఎస్ఐ దాటుతుంది. "నా మిషన్ పాడైతే నీ బీపీ నేను చూడను" అని ఆ అమ్మాయి వెనక నుంచి అరుస్తోంది.

సీలు కనబడేట్టు ఫ్లైవీల్ లాగి, సబ్బు నీళ్ళు పూసినాడు. ముల్లు దిగుతోంది. ఫోన్ దగ్గరగా పెట్టినాడు. సీలు చుట్టూ చిన్న చిన్న బుడగలు, అట్లకాడ పెట్టకముందు దోసె మీద లేచినట్టు. నేను ఇక్కడ మంచం మీద నుంచి లేచి నిలబడినా. ఇంట్లో వాళ్ళు క్రికెట్ చూస్తున్నాననుకున్నారు.

అప్పుడు చెప్పినా, "ఇంక ఆర్డర్ పెట్టుకో. పిస్టన్, రింగులు, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ క్లిప్పులు, ప్యాకింగులు. సీళ్ళు మాత్రం రెండు పక్కలవీ."

క్రాంక్ కేస్ విప్పడం రెండు శనివారాలు పట్టింది. సిలిండర్ గోడకు పిస్టన్ అల్యూమినియం అంటుకొని ఉంది. దానికి లేతు అక్కర్లేదు, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దూదితో అద్దితే అల్యూమినియం పొంగి కరిగిపోతుంది, ఇనుప లైనర్ మిగులుతుంది. తలుపు తీసిపెట్టి, గ్లవ్స్ వేసుకొని, గోడలో ఉండే కన్నాల (పోర్టుల) వైపు పోనీకుండా చేయమన్నా. వెంటనే కడిగి ఆయిల్ పూయకపోతే కళ్ళ ముందే తుప్పు పడుతుంది. కొలిస్తే బోరు పుస్తకంలో రాసిన లెక్కలోనే ఉంది, సన్నగా హోనింగ్ చేస్తే, అంటే రాయితో గోడను పైపైన రుద్దితే చాలింది.

మిగతాది మామూలే. పిస్టన్ మీది బాణం గుర్తు ఎక్సాస్ట్ వైపు, రింగు కొసలు గాడిలో ఉండే చిన్న పిన్ను దగ్గర, క్రాంక్ నోట్లో గుడ్డ కుక్కి క్లిప్పులు. గుడ్డ ఎందుకని అడగలేదు వాడు. ఆ పాటికే ఒక క్లిప్పు ఎగిరి గ్యారేజీలో ఎక్కడో పడిపోయిందంట.

సంక్రాంతి పోయిన పది రోజులకు వీడియో వచ్చింది. తాడు నాలుగు సార్లు లాగినాడు, ఐదోసారి అందుకుంది. గ్యారేజీ అంతా నీలం పొగ. పండక్కి వాళ్ళ దగ్గరకు పోయిన మా అక్క లోపల నుంచి "తలుపు ముయ్యరా, ఇల్లంతా కంపు" అంటోంది. ఫోన్‌లో కంపు రాదు గానీ, నాకు వచ్చింది.

మధ్యాహ్నం ఎండ తగ్గినాక నా బండి పక్క మూత విప్పి పంపు కేబుల్ చూసినా. గుర్తు అర మిల్లీమీటరు జరిగి ఉంది.