దుమ్ము సరుకు శాంపిల్‌లో 75 గ్రాములు ఎటు పోయాయి?

సంచిలోకి ఇనప గొట్టం గుచ్చి గింజలు చూడటం మన డెల్టాలో ధాన్యం కొనేవాళ్లందరికీ అలవాటే. నూరిన రాక్ ఫాస్ఫేట్‌కో (ఎరువుల తయారీకి వాడే రాయి), మిల్లు బాయిలర్ నుంచి వచ్చే ఊక బూడిదకో అది పనికిరాదు. మెత్తటిదీ బరకదీ వేర్వేరు చోట్ల చేరతాయి. అంతర్వేది తీరంలో ఇసుక మీద నల్ల చారలు చూడండి. ఆ చారల్లోని ఇల్మెనైట్ ఖనిజం సాంద్రత సుమారు 4.7, మామూలు ఇసుకలోని క్వార్ట్జ్‌ది 2.65. అల రెండింటినీ విడదీసేస్తుంది. సరుకు మోసే బెల్టు అదురుకీ సరుకు అలాగే విడిపోతుంది. అందుకే బెల్టు చివర పడే ధారను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కట్టర్‌తో, అంటే ధారకి అడ్డంగా కదులుతూ సన్నటి నోటితో శాంపిల్ పట్టే పరికరంతో, కోయాలి.

కట్టర్ నోరు పెద్ద రేణువుకి కనీసం మూడు రెట్లు ఉండాలి. ఎంత మెత్తటి సరుకైనా 10 మి.మీ.కి తగ్గకూడదు. వేగం సెకనుకు 0.6 మీటర్లు దాటకూడదని శాంపిలింగ్ సిద్ధాంతకర్త పియర్ గీ చెప్పిన హద్దు. ఆ వేగం ధార దాటేదాకా మారకూడదు. గాలి సిలిండర్‌తో నడిపితే మధ్యలో పరుగెత్తి, అక్కడ తక్కువ కోస్తుంది. మోటారే మేలు.

ఇక తూకం. బెల్టు మీద సరుకు గంటకు 36 టన్నులంటే సెకనుకు 10 కిలోలు. నోరు 20 మి.మీ., వేగం 0.4 మీటర్లు అయితే ఒక్కో కోతకి 500 గ్రాములు రావాలి. 425 వస్తోందా? ముందు నోటి అంచులు చూడండి. ముసురు రోజుల్లో పొడి తడి పీల్చి అంచుకి పెచ్చులా అంటుకుంటుంది. 20 మి.మీ. ఇనప ముక్క దూర్చి చూడండి. నోరు 17కి కుంచించుకుపోయి ఉంటే పోయిన 75 గ్రాముల లెక్క తేలినట్టే. పెచ్చు ఒక చివరే కడితే ఇంకా చెడ్డది: ధారలో ఆ వైపు సరుకు శాంపిల్‌లో తగ్గిపోతుంది.

గీకాక కూడా తక్కువే వస్తే అది గాలి పని. పడే పొడి తనతో గాలిని లాక్కొస్తుంది. కింద శాంపిల్ డబ్బా బిగుతుగా మూసి ఉంటే ఆ గాలి కట్టర్ నోట్లోంచే పైకి తన్ని, మెత్తటి పొడిని బయటికి నెడుతుంది. డబ్బా నుంచి చ్యూట్‌లోకి (సరుకు జారిపడే తొట్టిలోకి) ఒక గాలి గొట్టం వేస్తే ఆగుతుంది. దుమ్ము పీల్చే డస్ట్ కలెక్టర్ గొట్టం (డక్టు) కట్టర్ పక్కనే పెట్టడం మరో తప్పు. తనిఖీ తలుపు కాస్త తీసి కాగితం పట్టీ పట్టుకోండి. కొద్దిగా ఊగితే ఫరవాలేదు. లోపలికి గుంజితే డక్టు దూరం జరపాల్సిందే. అక్కడ పోయేది అత్యంత మెత్తటి పొడి కాబట్టి, బరువుతో పాటు ల్యాబ్ రిజల్టూ తప్పుతుంది.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: శాంపిల్‌లో అదనంగా చేరడం. కట్టర్ ఆగి ఉన్నప్పుడు తేలే దుమ్ము నోట్లో పడుతుంటుంది. కోతలు ఆపి, సరుకు మాత్రం గంటసేపు నడిపి డబ్బా తూచండి. ఏమైనా పడి ఉంటే కట్టర్ ఆగే చోట మూత, రబ్బరు సీలు సరిచేయాలి.