ఏడు రోడ్ల కూడలిలో స్నోబోర్డు బూట్లు దొరకవు

శ్రీకాకుళంలో చలికాలమంటే తెల్లవారుజామున ఒక స్వెట్టరు, ఎనిమిదయ్యేసరికి అది బీరువాలోకి. అలాంటి ఊళ్లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, నలభైకి దగ్గరపడ్డాక, కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లి స్నోబోర్డు నేర్చుకుంటానని ప్రకటిస్తే ఇంట్లో ఎందుకని ఎవరూ అడగలేదు. నా మంకుపట్టు వాళ్లకు పాతదే. ఆ సామానంతా ఎక్కడ దొరుకుతుందని మాత్రం అందరూ అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు, క్యారమ్ బోర్డులు ఎన్నయినా దొరుకుతాయి. మంచు మీద జారే పలక కావాలంటే దుకాణదారు మా వారి ముఖం వైపు చూశాడు, నన్ను ఇంటికి తీసుకెళ్లమన్నట్టు.

ముందు కావలసినవన్నీ రాసుకున్నాను. పలక, దానికి పాదాలను బిగించే బైండింగులు, బూట్లు. హెల్మెట్, గాగుల్స్, చేతి తొడుగులు. లోపలి బట్టలు, పై కోటు, ప్యాంటు. పడినప్పుడు కాపాడే పట్టీలు. కొత్తవి కొంటే మొదటి మూడింటికే అర లక్ష దాటుతుంది. నచ్చుతుందో లేదో తెలియని ఆటకు అంత పెట్టడానికి మనసొప్పలేదు. అందుకని ఒక గీత గీసుకున్నాను: ఒంటికి తగిలేవి కొనాలి, మంచుకు తగిలేవి అక్కడే అద్దెకు తీసుకోవాలి. ఇంకొకరి చెమట పట్టిన హెల్మెట్ పెట్టుకోవడం నా వల్ల ఎలాగూ కాదు. ఈ గీతకు లొంగనివి బూట్లు మాత్రమే. లోపల నా పాదం, బయట మంచు. వాటి సంగతి తరవాత చెబుతాను, అసలు తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి.

మా వీధి చివర ఒక సుబేదారు బాబాయి ఉన్నారు. సైన్యానికి వెళ్లి రావడం మా జిల్లాలో చాలా ఊళ్లకు అలవాటే. ఈయన కొంతకాలం కార్గిల్ దగ్గరి ద్రాస్‌లో పనిచేశారు. 1948లో స్కీ శిక్షణ కేంద్రంగా గుల్‌మార్గ్‌లో మొదలైన హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్లో శిక్షణ కూడా పొందారు. నా జాబితా ఇస్తే కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"మాకు రెండు కాళ్లకు రెండు పలకలమ్మా. నీకు రెండింటికీ కలిపి ఒకటేనా? మరి పడబోయేటప్పుడు కాలు తీసి ఎక్కడ వేస్తావు?"

"వేయడానికి కుదరదు బాబాయి గారూ. పడిపోవడమే."

"అయితే తడవకుండా చూసుకో. తక్కినవన్నీ తరవాత."

మేజోళ్లు ఒకదానిమీద ఒకటి రెండు జతలు వేసుకోమన్నది మా అత్తగారి సలహా. బాబాయి గారు ఆ వరుసను పెన్సిలుతో కొట్టేశారు. రెండు జతలు వేస్తే బూటులో పాదం బిగుసుకుపోయి రక్తం సరిగా ఆడదు, వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. ఒకే జత, సన్నని ఉన్నివి, పిక్క సగం దాటి వచ్చేవి కావాలి. ఎక్కడా ముడత ఉండకూడదు. బూటు లోపల ముడత పడితే అక్కడ చర్మం ఒరుసుకుని పుండవుతుంది. ఆరిన జత ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి.

తరవాత, నూలు బట్టలు వద్దన్నారు. మా ఇంట్లో ఇది మింగుడుపడని మాట. పొందూరు మాకు దగ్గరే. మా మామగారు ఆ ఖద్దరు తప్ప వేరే బట్ట కట్టరు, మా ఎండలకు దాన్ని మించింది లేదు. చెమటను పీల్చుకుని ఒంటిని చల్లగా ఉంచుతుంది కాబట్టే నూలుకు ఆ పేరు. సరిగ్గా ఆ గుణమే మంచులో పనికిరాదు. పడుతూ లేస్తూ ఉంటే సున్నా డిగ్రీల దగ్గర కూడా చెమట పడుతుంది. తడిసిన నూలు ఒక పట్టాన ఆరదు, కాసేపు ఆగి నిలబడగానే వణుకు మొదలవుతుంది. అందుకని లోపల మెరినో ఉన్ని బనియను, దానిపైన ఫ్లీసు అనే వెచ్చని కృత్రిమ నూగుబట్ట, ఆపైన నీరు చొరని కోటు.

కోటుకూ ప్యాంటుకూ చీటీ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉందో లేదో చూసి కొన్నాను. గుడ్డ మీద ఎంత ఎత్తున నీరు నిలబెడితే అది కారడం మొదలవుతుందో ఆ అంకె చెబుతుంది. ఊరికే మంచులో నడిచేవాళ్లకు తక్కువైనా చాలు. కానీ స్నోబోర్డు కొత్తగా నేర్చేవాళ్లు చాలాసేపు మంచులో కూర్చునే ఉంటారు, కూర్చున్నచోట బరువుకు నీరు లోపలికి దిగుతుంది. తుపానుకు కొన్న రెయిన్‌కోటు ఉండగా ఇదెందుకని మా వారు అడిగారు. 2018లో తిత్లీ తుపాను వెలిశాక ఆ కోటు వేసుకుని ఊరంతా తిరిగి వచ్చినప్పుడు ఆయన వానకన్నా చెమటకే ఎక్కువ తడిశారు. లోపలి ఆవిరిని బయటికి పోనివ్వని కోటు ఎంత దళసరిదైనా దండగే. తిత్లీ పేరు ఎత్తాను, చర్చ అక్కడితో ముగిసింది.

నా లెక్కలో బూట్ల తరవాతి స్థానం మణికట్టు పట్టీలది. స్నోబోర్డు కొత్తవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. పడేటప్పుడు చెయ్యి దానంతటదే చాచుకుంటుంది, ఒంటి బరువంతా అరచేతి మీద వాలుతుంది. లోపల గట్టి బద్ద ఉండే ఈ పట్టీల కోసం విశాఖపట్నంలో స్కేటింగ్ పిల్లల సామాను అమ్మే దుకాణానికి వెళ్తే పెద్దవాళ్ల కొలతవీ దొరికాయి. అవి పెట్టుకున్నాక పైన తొడుగు ఎక్కుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి. వేళ్లు విడివిడిగా ఉండే తొడుగు నాకు ఎక్కలేదు, నాలుగు వేళ్లకూ కలిపి ఒకే అర ఉండే రకం ఎక్కింది. వెచ్చదనం కూడా దానిలోనే ఎక్కువ. తుంటికీ, వెన్ను చివరి ఎముకకూ మెత్తలున్న నిక్కరు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాన్ని చూసి ఇంట్లో నవ్వని మనిషి లేరు. నవ్వినవాళ్లెవరూ గడ్డకట్టిన మంచు మీద కూలబడి ఎరగరు.

హెల్మెట్ మంచు క్రీడలదే కావాలి, లోపలి చీటీ మీద ఈఎన్ 1077 అనే ఐరోపా భద్రతా ప్రమాణం గుర్తు ఉండాలి. పట్టీ బిగించకుండా తల అటూ ఇటూ ఊపితే నుదుటి చర్మం హెల్మెట్‌తో కలిసి కదలాలి, హెల్మెట్ ఒక్కటే కదిలితే వదులన్నమాట. నాకు కళ్లజోడు ఉంది కాబట్టి దాని మీదుగా పెట్టుకునే లోతైన గాగుల్స్ తీసుకున్నాను. అద్దానికి ఎస్1, ఎస్2, ఎస్3 అని రకాలుంటాయి. అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. మండే ఎండకు ఎస్3, మబ్బుకు ఎస్1. ఒకటే కొనేవాళ్లకు ఎస్2 మేలు. గుల్‌మార్గ్ 2,600 మీటర్లకు పైన ఉంది, పైగా తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎండ కింది నుంచి కూడా కొడుతుంది కనుక సన్‌స్క్రీన్ ముక్కు కిందా, గడ్డం కిందా కూడా రాసుకోవాలి.

బయల్దేరేముందు ఇంట్లోనే తేల్చుకున్నవి రెండున్నాయి. ఒకటి పాదాల కొలత. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడితే మా అమ్మాయి బొటనవేలి కొస దగ్గర గీత పెట్టింది. ఎడమది 23.3 సెంటీమీటర్లు, కుడిది 23.6. స్నోబోర్డు బూట్లకు మోండో అనే కొలత వాడతారు, అది సెంటీమీటర్లలో పాదం పొడవే. చెప్పుల అంకెలు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి కాబట్టి వాటిని నమ్ముకోకూడదు. రెండోది, పలక మీద ఏ కాలు ముందుండాలన్నది. మేజోళ్లతో హాల్లో నాలుగడుగులు పరుగెత్తి గచ్చు మీద జారాను. తరవాత కళ్లు మూసుకుని నిలబడితే అమ్మాయి వెనక నుంచి తోసింది, అవసరానికి మించిన ఉత్సాహంతో. రెండింట్లోనూ కుడికాలే ముందుకు పడింది. ఎడమకాలు ముందుండేవాళ్లను రెగ్యులర్ అని, నాలాంటివాళ్లను గూఫీ అని అంటారు.

గుల్‌మార్గ్‌లో అద్దె దుకాణాలకు కొదవ లేదు. ఉదయం రద్దీలో ఏది చేతికందితే అది ఇచ్చి పంపుతారని విని, ముందురోజు సాయంత్రమే వెళ్లాను. దుకాణదారు నా చెప్పుల అంకె అడిగి, "ఒక సైజు పెద్దవి వేసుకోండి దీదీ, హాయిగా ఉంటుంది" అంటూ 24.5 బూట్లు తెచ్చాడు. నేను 23.5 అడిగాను.

కాలు దూర్చి, మడమను నేలకు కొట్టి వెనక్కి నెట్టి, ముందు లోపలి తాడు, తరవాత పైది బిగించాను. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు భాగాన్ని తాకాలి, ముడుచుకోకూడదు. మోకాళ్లు వంచగానే పాదం కాస్త వెనక్కి జరిగి వేళ్లకు చోటు రావాలి. ఇంతవరకు బాగానే ఉంది. అసలు పరీక్ష మడమది. మోకాళ్లు వంచి మునివేళ్ల మీద లేవబోయినప్పుడు బూటు లోపల మడమ పైకి లేచిందంటే ఆ బూటు వద్దు. మీ కదలిక పలకకు చేరకముందే బూటులో ఇంకిపోతుంది. ఈ జతలో మడమ లేచింది. అద్దె బూట్ల జబ్బే ఇది. ఎందరో వేసుకోగా లోపలి మెత్త నలిగిపోయి, పైన రాసిన అంకె ఏదైనా లోపల వదులవుతుంది. ఇంకో జత, ఆ తరవాత ఇంకోటి. ఒకదానికి తాళ్లకు బదులు డయల్ ఉంది, తిప్పితే సన్నని తీగ బిగుస్తుంది. తొడుగులు తీయకుండానే బిగించుకోవచ్చు, కానీ ఒకే డయల్ ఉంటే పాదం మీద ఒక తీరున, చీలమండ దగ్గర ఇంకో తీరున బిగించడం కుదరదు. చివరికి ఒక తాళ్ల జత నిలిచింది. పైన రంగు వెలిసినా లోపలి మెత్త గట్టిగానే ఉంది. అవి వేసుకుని అతను టీ తాగినంతసేపూ దుకాణంలో పచార్లు చేశాను. ఎముకకు నొక్కుకునే చోటు ఉంటే ఆలోగా బయటపడుతుంది. అతనికి ఓపిక ఎక్కువో, బయట మంచు పడుతుంటే ఇక ఎవరూ రారని తెలుసో గాని, ఏమీ అనలేదు.

పలకకు ఇంతసేపు పట్టలేదు. నిలబెడితే గడ్డానికీ ముక్కుకూ మధ్య రావాలని అందరూ చెబుతారు. నిజానికి చూసుకోవలసింది బరువు, మన ఎత్తుతో పలకకు పెద్దగా పని లేదు. నేను 58 కిలోలు. మెత్తగా వంగే 143 సెంటీమీటర్ల పలక అడిగాను, నేర్చుకునేటప్పుడు కాస్త పొట్టిదైతేనే తిప్పడం తేలిక. బల్ల మీద పెట్టి పక్క నుంచి చూస్తే కొన్ని పలకలు మధ్యలో విల్లులా పైకి లేచి ఉంటాయి. అవి మంచును గట్టిగా పట్టుకుంటాయి, ఏమరుపాటున ఉంటే అంచు దిగబడి పడేస్తాయి కూడా. చివరలు ముందునుంచే పైకి తేలి ఉండే రకం కొత్తవాళ్లకు నయం.

వెడల్పు దగ్గరే పేచీ వచ్చింది. దుకాణంలో ఉన్నవి చాలావరకు పెద్ద పాదాల మగవాళ్లకు సరిపోయేవి. పెద్ద పాదాలవాళ్ల బాధ వేరు, బూటు అంచు దాటి మరీ బయటికి వస్తే మలుపులో మంచుకు రాసుకుని పడిపోతారు. నా పాదానికి వెడల్పు పలక ఇస్తే వేళ్లు అంచుదాకా చేరవు, ఒక అంచు మీది నుంచి ఇంకో అంచు మీదికి మారడానికే బలమంతా చాలదు. బూటు ముందూ వెనకా ఒక సెంటీమీటరు బయటికి వచ్చే పలకే కావాలని కూర్చున్నాను. లోపలి గదిలోంచి ఒకటి తీసుకొచ్చాడు, దుమ్ము కొట్టుకుని, మీది బొమ్మ సగం చెరిగిపోయి. ఆ బొమ్మ ఏమిటో ఇప్పటికీ తెలియదు.

తిరగేసి చూశాను. అడుగున గీతలుంటే ఫరవాలేదు, లోపలి చెక్క కనిపించేంత గుంట ఉండకూడదు. ఇనుప అంచుకు అడ్డంగా గోరు లాగితే గోటిపొడి సన్నగా రాలాలి, రాలింది. షెర్మన్ పాపెన్ అనే అమెరికన్ 1965లో తన కూతుళ్ల కోసం రెండు స్కీ పలకలు కలిపి చేసిన తొలి పలకకు బైండింగులే లేవట. ఇప్పుడు ఎక్కువ కనిపెట్టుకోవలసింది వాటినే. పట్టీ మీద వరుసగా పళ్లుంటాయి, మీట నొక్కేకొద్దీ ఒక్కో పన్ను దాటుతూ కిర్రుమని బిగుస్తుంది. ఒక పట్టీలో మధ్య పళ్లు అరిగిపోయి, కాలు ఊపగానే వదులైపోయింది. దాన్ని మార్పించాక, కుడికాలు ముందుకు వచ్చేలా తిప్పించాను. ముందు పాదం 15 డిగ్రీలు ముందుకు, వెనకది 6 డిగ్రీలు వెనక్కి, రెండు పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. ఎక్కి నిలబడి, గొంతుక్కూర్చుని లేచి, మోకాళ్లకు ఇబ్బంది లేదనుకున్నాక మరలన్నీ నా ఎదుటే బిగించమన్నాను.

వాలు మీద నేర్పిన ఆయన పిడికిళ్లు మూసి ముంజేతుల మీద పడమన్నారు, వెనక్కి పడితే గడ్డం రొమ్ముకు ఆనించమన్నారు. రెండూ కావలసినన్నిసార్లు చేశాను. పట్టీల మీద గీతలు పడ్డాయి, మణికట్లు బాగున్నాయి. నిక్కరు రుణం తీర్చుకోలేనిది. గాగుల్స్‌ను నుదుటి మీదికి నెట్టుకుంటే చెమట ఆవిరికి లోపల మసకబారతాయి, తీయకుండా ఉండడమే మేలు. బూట్లు మధ్యాహ్నానికి కాస్త సాగుతాయి కాబట్టి భోజనం అయ్యాక విప్పి మళ్లీ బిగించుకోవాలి.

ఇప్పుడు బూట్లు కొనే ఆలోచనలో ఉన్నాను. నాకు పనికొచ్చే పలక వెతికితే ఏదో ఒక దుకాణంలో దొరుకుతుంది, నా మడమను పట్టి ఉంచే అద్దె జత మాత్రం ప్రతిసారీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. లోపలి మెత్తను వేడిచేసి పాదానికి తగ్గట్టు మలిచే రకం ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించను, ఆ మేజోళ్లు వెంట తీసుకెళ్లి ఢిల్లీలో వేసుకుని చూశాకే కొంటాను. పలక, బైండింగులు వచ్చే ఏడు కూడా అద్దెవే.