పన్నెండో రోజుకి కావాల్సిన మూడో పేరు

నాన్న పోయాక మొదటి పదిరోజులూ ఆలోచించే తీరికే లేదు. రాజమండ్రి కోటిలింగాల రేవులో అస్థినిమజ్జనం, రోజూ పిండం, ధర్మోదకాలు, వచ్చేపోయే చుట్టాలు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి కదా, ఆ పని బావ చూసుకున్నాడు.

పదో రోజు అమ్మ బొట్టు, గాజుల ప్రస్తావన వచ్చింది. "ఆ తంతు మా ఇంట్లో లేదు" అని అక్క ఒక్క మాటతో తేల్చేసింది. పెద్దవాళ్ళు కొందరు మొహాలు ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి.

అసలు టెన్షన్ పన్నెండో రోజు సపిండీకరణంతో, అంటే పోయినవాళ్ళ పిండాన్ని పితరుల పిండాల్లో కలిపే తంతుతో వచ్చింది. "మీ నాన్నగారి తండ్రి, తాత, ముత్తాత పేర్లు రాసి ఉంచు నాయనా" అన్నారు శాస్త్రిగారు ముందురోజు. మొదటి రెండూ తెలుసు. మూడోది బాబాయికీ తెలియదు. పాత దస్తావేజులు తిరగేసినా లాభం లేకపోయింది. చివరికి కాకినాడలో మంచం మీదున్న మేనత్తకి ఫోన్ చేస్తే నవ్వింది. "మీ తాతకి పెట్టింది వాళ్ళ తాత పేరే కదరా!"

మర్నాడు ఒక పొడుగాటి పిండం, పక్కన మూడు గుండ్రటివి. పొడుగుది నాన్న. దాన్ని దర్భలతో మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో పిండంలో కలిపెయ్యమన్నారు. చేతులాడలేదు. శాస్త్రిగారు తొందరపెట్టలేదు. కలిపాక అందులో ఏది నాన్నో, ఏది తాతో చెప్పలేం. అప్పటిదాకా మంత్రంలో నాన్న పేరు వెంట వినిపించిన 'ప్రేత' కూడా ఆగిపోయింది. ఇకమీదట ఏటా పెట్టే ఆబ్దికాల్లో పిండాలు మూడు తరాలకే: నాన్న వసురూపం, తాత రుద్రరూపం, నా ముత్తాత, అంటే నాన్నకి తాత, ఆదిత్యరూపం. అంటే అత్తయ్య చెప్పిన పెద్దాయనకి పిండం అదే ఆఖరు. రాత్రంతా వెతికి పట్టుకున్న పేరు, గంటలో వరస దాటిపోయింది.

"ఇంతేనాండీ, ఆయనకి ఇంకేం ఉండదా?" అని అడిగాను.

"ఎందుకుండదు? పిండాలు పెట్టాక చేతికంటిన మెతుకులు దర్భలకి తుడుస్తావు చూడు, అది ఆ పై మూడు తరాలవాళ్ళకి" అన్నారు. నువ్వులు కలిసిన ఆ మెతుకులు వేళ్ళ సందుల్లో ఇంకా ఉన్నాయి. ఈసారి నిదానంగా తుడిచాను.

పదమూడో రోజు శుభస్వీకారం. మామగారు నాకు కొత్త పంచెలు పెట్టారు, పిన్ని అమ్మకి చీర పెట్టి బొట్టు దిద్దింది. సంవత్సరీకం అయ్యాక మహాలయ పక్షంలో తర్పణాలకి అమ్మ వైపు పేర్లూ కావాలట. అమ్మనే కూర్చోబెట్టి ఫోన్‌లో రాసుకున్నాను. ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. అది పిన్ని కనుక్కుంటానంది.